రోగానికి వయసెంత?

ప్రతి ఏడాదీ అదే ప్రశ్న. ఎంబీబీఎస్ రెండో సంవత్సరం పిల్లలు రోగాల శాస్త్రమైన పాథాలజీలో జనరల్ భాగం ఎలాగో గట్టెక్కి, అవయవాల వారీగా జబ్బులు చెప్పే సిస్టమిక్‌లోకి అడుగు పెట్టగానే, వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు లేచి “మేడమ్, ఏ సిస్టం ఇంపార్టెంట్?” అంటారు. వాళ్ళను తప్పుపట్టను. పుస్తకం లావు చూస్తే ఎవరికైనా అదే అడగబుద్ధి అవుతుంది. గుండె, ఊపిరితిత్తులు, జీర్ణకోశం, కాలేయం, కిడ్నీలు, ఎముకలు, మెదడు అంటూ అధ్యాయాలు. ఒక్కో అధ్యాయం కింద జబ్బులు, ఒక్కో జబ్బు కింద గ్రాస్ (కంటికి కనపడేది), మైక్రోస్కోపీ, కాంప్లికేషన్లు. పరీక్షల నాటికి పేర్లన్నీ నోటికి వచ్చేస్తాయి. కణజాలం ముక్క అంటించిన స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టీ పెట్టకముందే “సిర్రోసిస్ లివర్, మేడమ్” (పీచుకట్టి గట్టిపడిన కాలేయం) అని టక్కున చెప్పేస్తారు. “ఇది ఎన్నాళ్ళ కింద మొదలై ఉంటదమ్మా?” అని అడిగితే మాత్రం ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు.

అవయవాల వారీగా చదవడం తప్పని నేననను. అయితే ఒక్కో అవయవంలో రోగం ఒక్కో వేగంతో నడుస్తుంది. ఎక్కడో ఒకచోట, అక్కడిదాకా వెనక్కి రాగలిగిన కణజాలం ఇక రాలేని దశకు చేరుతుంది. ఆ దశ ఎక్కడుందో చెప్పకుండా పేర్లు మాత్రం నేర్పితే మనం తయారు చేసేది స్లైడుకు పేరు పెట్టగలిగిన వాళ్ళనే. దక్షిణ తెలంగాణలో ఇది మరీ నష్టం. ఎందుకంటే మా దగ్గరికి మనిషి వచ్చేసరికి రోగం సాధారణంగా చివరి అంకంలో ఉంటుంది.

ఇంకో సంగతి. మొన్నమొన్నటి దాకా ఈ జిల్లాల్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీయే లేదు. మహబూబ్‌నగర్‌కు 2016లో వచ్చింది, నల్గొండ, సూర్యాపేటలకు 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలకు 2022లో. అంతకుముందు మా పేషెంట్లూ, వాళ్ళ బయాప్సీ ముక్కలూ (పరీక్షకు తీసిన కణజాలం) బస్సెక్కి ఉస్మానియాకో గాంధీకో పోయేవి. ఇప్పుడు స్లైడు చూసే పిల్లదీ, ఆ స్లైడు ఎవరిదో ఆ మనిషిదీ ఒకే మండలం కావచ్చు. పాథాలజీని ఊరు లేని సబ్జెక్టుగా చెప్పడానికి ఇక సాకు లేదు.

అవయవాల లెక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక ముక్క. ఇటలీలో పాదువాలో మోర్గాన్యి అనే ఆచార్యుడు 1761లో, తన 79వ ఏట, సుమారు 700 శవపరీక్షల వివరాలు అచ్చువేశాడు. అంతవరకూ రోగమంటే ఒంట్లో రసాలు గతి తప్పడమనే అనుకునేవారు. రోగానికి ఒంట్లో ఒక చోటు ఉంటుందని ఆయన చూపించాడు. మనం ఇవాళ చదివే సిస్టమిక్ పాథాలజీకి పునాది అదే. కాకపోతే ఆయన చూసింది శవాలను, అంటే కథ ముగిశాక. ఆ ముగింపు అలవాటు మన బోధనలో ఇంకా పోలేదు. మ్యూజియంలో జాడీలు చూడండి, అన్నీ చివరి దశలే. బాగుపడగలిగే దశలో ఉన్న లివర్‌ను జాడీలో పెట్టిన కాలేజీ నాకు తెలిసి లేదు.

గుండెతో మొదలుపెడదాం. కల్వకుర్తి వైపు నుంచో అచ్చంపేట వైపు నుంచో యాభై దాటిన రైతు క్యాజువాలిటీకి వస్తాడు. “నిన్న పొద్దుగూకంగ గ్యాస్ వట్టింది సారూ. సోడా తాగిన, గోలీ ఏసుకున్న, తగ్గలే.” ఇదేదో ఒక్కరి కథ అనుకోకండి, క్యాజువాలిటీలో డ్యూటీ చేసిన ఎవరినడిగినా ఇదే చెప్తారు. ఈసీజీ తీస్తే పెద్ద గుండెపోటు. పిల్లలకు తెలిసిన జవాబు “కోయాగ్యులేటివ్ నెక్రోసిస్”, అంటే రక్తం అందక కణాలు చచ్చిపోవడం. సరే. ఎప్పుడు?

గుండె కండరానికి రక్తం పూర్తిగా ఆగితే 20 నుంచి 40 నిమిషాల్లో కొన్ని కణాలు తిరిగిరాని స్థితికి చేరతాయి. చావు లోపలి పొర దగ్గర మొదలై బయటికి పాకుతూ, ఆరు గంటలు తిరిగేసరికి దాదాపు గోడ మందమంతా పట్టేస్తుంది. విచిత్రమేమంటే మొదటి నాలుగు గంటల దాకా మామూలు మైక్రోస్కోపు కింద చెప్పుకోదగ్గ మార్పేదీ కనపడదు. మనిషిని కాపాడగలిగిన సమయంలో స్లైడు నోరు విప్పదు. స్లైడు మాట్లాడటం మొదలుపెట్టేసరికి, కణాలు ఎర్రగులాబీ రంగుకు తిరిగి కేంద్రకాలు మాసిపోయేసరికి, రైతు ఇంట్లో రెండో సోడా తాగుతుంటాడు. ఒకటి నుంచి మూడు రోజుల్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు గుంపులుగా దిగుతాయి. మూడు నుంచి ఏడు రోజుల మధ్య మాక్రోఫేజులనే చెత్త తినే కణాలు వచ్చి చచ్చిన కండరాన్ని తినేస్తుంటాయి. కొత్త కణజాలం ఇంకా అల్లుకోలేదు, పాతది పోయింది. గుండె గోడ అన్నిటికన్నా మెత్తగా ఉండేది అప్పుడే, పగిలితే పగిలేదీ అప్పుడే. సరిగ్గా ఆ అయిదో రోజునే పెద్దాయన లేచి కూచుని “మంచిగున్న, నాట్లు ఉన్నయి, ఇంటికి పోత” అంటాడు. పుస్తకంలో ఈ వరసంతా ఉండే టేబుల్‌ను ‘రోజులు – మార్పులు’ అని బట్టీపట్టిన హౌస్‌సర్జన్ (చదువు ముగించి ఆసుపత్రిలో పని నేర్చుకునే డాక్టరు) తలూపి సంతకం పెట్టించుకుంటాడు. ఆ టేబుల్ అర్థమైన హౌస్‌సర్జన్ మంచం పట్టుకుని బతిమాలతాడు. ఇద్దరికీ పరీక్షలో వచ్చేవి ఒకే మార్కులు.

మెదడుకు ఆ మాత్రం వ్యవధి కూడా లేదు. రక్తం ఆగిన భాగం నడిమధ్య కణాలు నిమిషాల్లో పోతాయి. చుట్టూ ఉన్నది మాత్రం కొన్ని గంటలు కొట్టుమిట్టాడుతుంది. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే అనేది ఆ చుట్టూ ఉన్న భాగం కోసమే. ఆ గంటల్లో పక్షవాతానికి పావురం రక్తం రాయిస్తూ కూర్చున్న కుటుంబాన్ని తిట్టడం తేలిక. వాళ్ళకు గంటల లెక్క ఎవరు చెప్పారు? మనకే చెప్పలేదు సరిగ్గా.

కాలేయం దగ్గరికి వస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. ఫ్యాటీ లివర్ స్లైడులో కణాల మధ్య గుండ్రటి తెల్లటి ఖాళీలు కనపడతాయి. అవి కొవ్వు అంటాం గానీ నిజానికి అక్కడ కొవ్వు లేదు. ముక్కను మైనంలో పెట్టే ముందు జైలీన్ అనే ద్రావకంలో ముంచినప్పుడే అది కరిగిపోయింది. మనం చూసేది అది కూర్చున్న చోటు. పిల్లలకు ఇది చెప్తే కళ్ళు పెద్దవి చేస్తారు. నేను అక్కడ ఆపి చెప్పేదేమంటే, ఆ చోట్లు మళ్ళీ నిండకుండా ఉండే అవకాశం ఇంకా ఉంది. తాగుడు మానితే కొన్ని వారాల్లో ఆ లివర్ మామూలుగా అయిపోగలదు. మానకుండా ఏళ్ళు గడిస్తే వాపు, ఆ తర్వాత పీచు, పీచు గోడల మధ్య గడ్డలుగా పెరిగే కణాలు. ఆ గోడలు కట్టాక పేగుల నుంచి కాలేయానికి వచ్చే పోర్టల్ రక్తం దారి మూసుకుపోతుంది. ప్లీహం ఉబ్బడం, పొట్టలో నీళ్ళు, రక్తం కక్కుకోవడం అన్నీ దాని వెంటే. పుస్తకం ఈ దశలన్నిటినీ ‘ఆల్కహాలిక్ లివర్ డిసీజ్’ అని ఒకే హెడ్డింగు కింద పెడుతుంది. మనిషికి మాత్రం అవి రెండు వేరువేరు వార్తలు. ఒకటి చెప్పి ఇంటికి పంపొచ్చు, రెండోది చెప్పి ఇంటివాళ్ళను పిలిపించాలి.

పచ్చకామెర్లకు పసరు పోయించే అలవాటు మా వైపు ఇంకా గట్టిగానే ఉంది. దాన్ని మూఢనమ్మకమని ఒక్క మాటలో కొట్టిపారేసే లెక్చర్లు నాకు నచ్చవు, ఎందుకంటే అది చాలామందిలో ‘పనిచేస్తుంది’. కలుషిత నీళ్ళతో వచ్చే హెపటైటిస్ ఏ, ఈ రకాలు ఎక్కువమందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, కాలేయం తనను తాను కట్టుకుంటుంది. పేరు పసరుకు పోతుంది. చిక్కు ఎక్కడంటే, అదే పచ్చదనం పిత్తనాళంలో రాయి అడ్డుపడినా వస్తుంది, క్లోమం తలలో క్యాన్సర్ వచ్చినా వస్తుంది. అక్కడ ఆ వారాలు వారాలు కావు, ఆపరేషన్‌కు ఉన్న గడువు. కాలేయం దయగల అవయవం కాబట్టే పసరు పోసేవాళ్ళకు ఇంత పేరు. గుండెపోటుకు పసరు పోసేవాణ్ణి ఎక్కడా చూడలేదు నేను.

కల్లు సంగతి కూడా ఇక్కడే చెప్పి తప్పుకుంటాను. పాలమూరు వైపు కల్తీ కల్లు అనగానే పిల్లలు లివర్ అధ్యాయం తీస్తారు. కల్తీలో కలిపే డైజీపామ్, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు దెబ్బ తీసేది మెదడును. దుకాణం మూసిన రెండు మూడు రోజులకు వచ్చే ఫిట్లు, పిచ్చిచూపులు, వణుకు ఆ మత్తు ఆగినందుకే. ఆ మెదడును ముక్క కోసి చూసినా నా మైక్రోస్కోపుకు ఏమీ దొరకదు. పాథాలజీ చూపలేనివి కూడా ఉన్నాయని చెప్పడం పాథాలజీ టీచరు పనే.

ఇక నల్గొండ. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు గురించి నేను ఎక్కువ చెప్తానని మా డిపార్ట్‌మెంట్‌లో జోకులు కూడా ఉన్నాయి. చెప్పక ఏం చేయను? 1955లో సిద్దిఖీ అనే వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నల్గొండ ఫ్లోరోసిస్ గురించి రాశాడు. 1970లలో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఈ ప్రాంతపు పిల్లల్లో మోకాళ్ళు లోపలికి వంగిపోవడాన్ని నమోదు చేశారు. నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఒకదానికి ప్రపంచమంతా ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు. పటిక, సున్నం వేసి కలిపి, తేరనిచ్చి వడకట్టడం. జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందించారు. ఇంత చరిత్ర ఉన్న జబ్బు పాథాలజీ పుస్తకంలో ఎముకల అధ్యాయంలో ఎక్కడో రెండు మూడు వాక్యాలు. పరీక్షలో రాదు కాబట్టి పిల్లలు ఆ పేజీ తిప్పేస్తారు.

నాకైతే రోగం వయసు చదవడం నేర్పడానికి దీన్ని మించిన జబ్బు లేదు, ఎందుకంటే ఇందులో మూడు గడియారాలు ఒకేసారి నడుస్తాయి.

మొదటిది పళ్ళు. శాశ్వత దంతాల ఎనామెల్ (పంటి పై పొర) సుమారు ఎనిమిదేళ్ళ వయసు లోపు తయారవుతుంది. తయారు చేసే కణాలు పన్ను బయటికి రాగానే మాయమవుతాయి. ఇక ఆ ఎనామెల్ మారదు, బాగుపడదు. అరవై ఏళ్ళ మనిషి పళ్ళ మీది గోధుమ రంగు చారలు ఆయన బడికి పోయే రోజుల్లో తాగిన నీళ్ళవి.

రెండోది ఎముక. ఎముక జీవితాంతం అరుగుతూ, కట్టుకుంటూ ఉంటుంది. ఫ్లోరైడ్ దాని ఖనిజంలో హైడ్రాక్సిల్ చోట దూరి కూర్చుంటుంది, ఎముక కట్టే కణాలను రెచ్చగొడుతుంది. ఎక్స్‌రేలో వెన్నుపూసలు సున్నం పూసినంత తెల్లగా, దట్టంగా కనపడతాయి. దట్టంగా ఉన్నాయి కాబట్టి గట్టిగా ఉన్నాయని అనుకుంటే పొరపాటు. అల్లిక గజిబిజి, ఇరిగేది త్వరగానే. ఎముకలను కలిపి పట్టే లిగమెంట్లు, ముంజేతి రెండెముకల మధ్య పొర కూడా సున్నం పట్టి ఎముకైపోతాయి. నీళ్ళు మారితే ఎముకలోని ఫ్లోరైడ్ నెమ్మదిగా, ఏళ్ళ తరబడి బయటికి వస్తుంది. సున్నం పట్టిన లిగమెంటు మాత్రం మళ్ళీ మెత్తబడదు.

మూడోది వెన్నుపాము. దాని వెనకా ముందూ లిగమెంట్లు ఎముకగా మారుతూ వెన్నుపాము ఉండే కాలువను ఇరుకు చేస్తుంటాయి. ఏళ్ళ తరబడి ఏమీ తెలియదు. ఆ తర్వాత కాళ్ళు బిగుసుకోవడం, తిమ్మిర్లు. అక్కణ్ణుంచి మనిషి మంచాన పడటానికి నెలలు చాలు.

ఇప్పుడు ఈ మూడూ కలిపి ఒక మనిషిని చదవండి. మర్రిగూడ వైపు ఊరు, యాభై అయిదేళ్ళ అవ్వ, మెడ తిరగదు, పక్కకు చూడాలంటే ఒళ్ళంతా తిప్పుతుంది. పళ్ళు మాత్రం తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. ఏమిటి దానర్థం? క్లాసులో అడిగితే మొదట “డెంటల్ ఫ్లోరోసిస్ లేదు కాబట్టి ఫ్లోరోసిస్ కాదు” అంటారు. తర్వాత ఎవరో ఒక పిల్ల, తరచుగా ఊరు నుంచి వచ్చిన పిల్లే, నెమ్మదిగా అంటుంది: “ఆమె వేరే ఊరి ఆడబిడ్డ కావచ్చు మేడమ్. పెండ్లయి ఈ ఊరికొచ్చింది.” అదీ లెక్క. పళ్ళు పుట్టింటి నీళ్ళవి, వెన్ను అత్తింటి నీళ్ళది. అదే తిరగేస్తే, మచ్చల పళ్ళతో ఒళ్ళు చక్కగా వంగే నలభై ఏళ్ళ మనిషి కనపడితే, చిన్నప్పుడే పట్నం పోయి ఉంటాడని ఊహించొచ్చు. ఇప్పుడు కృష్ణా నీళ్ళు వచ్చిన ఊళ్ళల్లో మనవడి పళ్ళు, తాత పళ్ళు పక్కపక్కన పెట్టి చూస్తే నీళ్ళు ఎప్పుడు మారాయో కూడా తెలుస్తుంది. ఇది మైక్రోస్కోపు అక్కర్లేని పాథాలజీ. ఇది చేయగలిగిన పిల్లకు స్పాటర్‌లో, అంటే నమూనా చూసి పేరు చెప్పే పరీక్షలో, పేరు తప్పినా నేను బాధపడను.

ఈ జబ్బు ఎముకల అధ్యాయంలో ఆగదు కూడా. నొప్పులున్న మనిషి ఏం చేస్తాడు? ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి గోలీ తీసుకుంటాడు. నెలకోసారి మొదలై రోజుకు రెండవుతుంది. ఆ గోలీలు కడుపులో పుండు పెడతాయి, కిడ్నీకి రక్తం అందించే నాళాలను ముడుస్తాయి, ఏళ్ళకేళ్ళు వాడితే కిడ్నీ లోపలి కొనలు చచ్చిపోవచ్చు. ఒంట్లోంచి ఫ్లోరైడ్ బయటికి పోయే ప్రధాన దారి కిడ్నీయే. కిడ్నీ దెబ్బతింటే ఫ్లోరైడ్ ఒంట్లో మరింత నిలుస్తుంది, ఎముక మరింత పాడవుతుంది, గోలీలు పెరుగుతాయి. ఎముకల అధ్యాయం, జీర్ణకోశం అధ్యాయం, కిడ్నీ అధ్యాయం మూడు వేరువేరు నెలల్లో చదివిన పిల్లకు ఈ సుడి కనపడదు. మూడూ ఒకే మనిషిలో, ఒకదాని వెంట ఒకటి నడిచాయని చెప్తేనే కనపడుతుంది. దానికి తోడు సుగర్ ఉంటే మరీ. సుగర్ కిడ్నీలో మొదట మూత్రంలో కొద్దిగా ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పడే దశ ఉంటుంది, అక్కడ పట్టుకుంటే ఆపొచ్చు, కొంత వెనక్కీ తేవచ్చు. రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరిగేసరికి కిడ్నీ పనితనం సగం దాకా పోయి ఉంటుంది. మా దగ్గర చాలామందికి మొట్టమొదట చేసే పరీక్షే క్రియాటినిన్.

ఊపిరితిత్తుల్లో ఒక్కటి చెప్తాను, సిలికోసిస్. షాద్‌నగర్ వైపు పలుగురాయిని పిండి చేసిన మిల్లుల్లో, క్రషర్లలో, సొరంగాల్లో పాలమూరు కూలీలు పీల్చిన దుమ్ము అది. మాక్రోఫేజ్ ఆ రేణువును మింగుతుంది, అరిగించుకోలేదు, చచ్చిపోతూ మంట పెట్టే రసాయనాలు వదులుతుంది, రేణువును ఇంకో మాక్రోఫేజ్ మింగుతుంది. చుట్టూ కొల్లాజెన్ పీచు ఉల్లిపాయ పొరల్లా చుట్టుకుంటుంది. పోలరైజర్ అనే ఫిల్టర్ పెట్టి చూస్తే ఆ గడ్డ మధ్యలో చిన్నచిన్న రేణువులు మసకగా మెరుస్తాయి. పది, ఇరవై ఏళ్ళ కింది దుమ్ము అది. పని మానేసినా జబ్బు ఆగదు. టీబీని అదుపులో పెట్టాల్సిన కణాలూ ఆ మాక్రోఫేజులే కాబట్టి, టీబీ తేలిగ్గా వస్తుంది. కొందరికి రెండూ ఉంటాయి, కొందరికి సిలికోసిస్ మాత్రమే ఉండి టీబీ కోర్సు మళ్ళీ మళ్ళీ వాడతారు. తేడా తెలియాలంటే “ఇప్పుడేం పని చేస్తున్నవు?” అన్న ప్రశ్న చాలదు. “పదేండ్ల కింద ఏం పని చేసినవ్?” అని అడగాలి.

దీనికి రెండు ఎదురు మాటలు వింటుంటాను. ఒకటి, ఇదంతా పీఎస్‌ఎం (సామాజిక వైద్యం) సబ్జెక్టు, నీళ్ళూ కూలీ పనులూ వాళ్ళు చెప్పుకుంటారు, మనం కణాలు చెప్దాం అని. రోగం కణంలోనే ఉందని 1858లో బెర్లిన్‌లో లెక్చర్లు ఇచ్చిన జర్మన్ పాథాలజిస్టు విర్కోయే, అంతకు పదేళ్ళ ముందు 1848లో అప్పర్ సిలీసియాకు పోయి, అక్కడి టైఫస్‌కు మందు పేదరికం పోవడం, చదువు రావడం అని రిపోర్టు రాశాడు. కణాన్నీ ఊరునీ వేరు చేసింది ఆయన కాదు, మన టైంటేబుల్. రెండో మాటకు బరువుంది. నీట్ పీజీలో వచ్చేది “ఈ స్లైడు ఏమిటి?” అనే, “ఎన్నాళ్ళది?” అని కాదు, పిల్లల భవిష్యత్తుతో ప్రయోగాలెందుకు అంటారు. నిజమే, ర్యాంకు కావాలి. కానీ దశల వరస అర్థమైనవాళ్ళకు పేర్లు గుర్తుండటం తేలికవుతుందనే నా అనుభవం. ఎంసీక్యూలు కూడా ఈ మధ్య కేసు చెప్పి అడుగుతున్నాయి. ఒప్పుకోవాల్సింది కూడా ఒకటుంది. స్లైడు చూసి తారీఖు చెప్పడం చాలా జబ్బుల్లో కుదరదు. గుండెపోటుకు రోజులు చెప్పగలం, సిర్రోసిస్‌కు ఏళ్ళని మాత్రమే అనగలం. నేను అడిగేది తారీఖు కాదు. ముందేమైంది, తర్వాతేమవుతుంది, ఇంకా వెనక్కి వస్తుందా అని.

కాబట్టి వైవాలో (నోటి పరీక్షలో) నా ప్రశ్న మారింది. డయాగ్నసిస్ నేనే చెప్పేస్తాను. గర్భాశయ ముఖద్వారం కణాల్లో క్యాన్సర్‌కు ముందు వచ్చే మార్పు ఉన్న స్లైడు పెట్టి, “ఇది సర్వైకల్ డిస్‌ప్లేసియా. ఇది క్యాన్సర్ కావడానికి మామూలుగా ఎంత కాలం పడుతుంది, ఈలోపు ఏం చేయొచ్చు?” అని అడుగుతాను. పదేళ్ళో, ఇంకా ఎక్కువో అని తెలిసిన పిల్లకు, పీహెచ్‌సీలో వెనిగర్ లాంటి యాసిటిక్ యాసిడ్ పూసి చేసే చిన్న పరీక్ష విలువ ఇక చెప్పక్కర్లేదు.

హౌస్‌సర్జన్లతో నా పోరు మాత్రం ఒక కాగితం గురించి. బయాప్సీ రిక్వెస్ట్ ఫారంలో ‘క్లినికల్ హిస్టరీ’ అని ఒక గీత ఉంటుంది. ఆ గీత మీద ‘లివర్ బయాప్సీ’ అని రాసి పంపుతారు. ముక్క లివర్‌దని డబ్బా తెరిస్తే నాకే తెలుస్తుంది బాబూ. ఎన్నాళ్ళ నుంచి, ఏం పని, ఏ ఊరి నీళ్ళు, ఏ గోలీలు, ఈ నాలుగూ రాయండి. రెండు నిమిషాల పని. రాయకపోతే రిపోర్టు ఆపను, పేషెంటు చేసిన పాపం ఏమీ లేదు. వార్డుకు ఫోన్ చేసి, ఫోనెత్తిన వాళ్ళెవరైనా సరే, పేషెంటు మంచం దగ్గరికి పంపి ఆ నాలుగూ అడిగించి, లైన్‌లోనే ఉండి రాసుకుంటాను.